ఒక్క చుక్క రక్తంతో ఎంజైమ్ లోపాన్ని పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టిన బిడ్డ మడమ మీద చిన్న పోటు, ఒక కాగితం మీద నాలుగైదు రక్తపు చుక్కలు. చూడటానికి ఇంతే. కానీ ఆ కాగితం గురించి తల్లిదండ్రులకు వచ్చే సందేహాలు మాత్రం చాలా ఉంటాయి. ఎక్కువగా వినిపించేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ శాంపిల్ తీయడం తేలిక, పాడుచేయడం అంతకన్నా తేలిక. కింద చాలా జవాబులు చివరికి ఆ సంగతి దగ్గరికే వస్తాయి.

ఎంజైమ్ లోపం అంటే ఏమిటి?

శరీరంలో ఒక పదార్థం ఇంకో పదార్థంగా మారాలంటే దానికి తగిన ఎంజైమ్ ఉండాలి. తిండిలోని ప్రోటీన్ నుంచి వచ్చే ఫినైల్‌అలనైన్‌ను టైరోసిన్‌గా మార్చడానికి ఒకటి, పాలలోని చక్కెర నుంచి వచ్చే గెలాక్టోజ్‌ను సంభాళించడానికి ఇంకొన్ని, ఇలా వేలల్లో ఉంటాయి. ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులో పుట్టుకతోనే తేడా ఉంటే ఎంజైమ్ తయారవదు, లేదా తయారైనా సరిగ్గా పనిచేయదు. కాలువకు అడ్డం పడితే ఎగువన నీళ్లు నిలిచిపోయి దిగువన పొలం ఎండిపోతుంది కదా, ఇదీ అంతే. మారాల్సిన పదార్థం పేరుకుపోతుంది, అవసరమైన పదార్థం అందదు. జబ్బును బట్టి మొదటిదో రెండోదో, ఒక్కోసారి రెండూ కలిసో హాని చేస్తాయి.

బిడ్డ చక్కగా పాలు తాగుతోంది, ఆడుకుంటోంది. ఇంకా పరీక్ష ఎందుకు?

ఈ జబ్బులున్న పిల్లల్లో చాలామంది పుట్టినప్పుడు అచ్చం అలాగే ఉంటారు. కడుపులో ఉన్నన్నాళ్లూ పేరుకునే చెత్తను మాయ ద్వారా తల్లి శరీరమే బయటికి పంపేస్తుంది. బొడ్డుతాడు కోశాక ఆ సాయం ఆగిపోతుంది.

గెలాక్టోజ్‌ను సంభాళించే ఎంజైమ్ లోపించే జబ్బు గెలాక్టోసీమియా. అది ఉన్న బిడ్డకు పాలు మొదలైన కొద్ది రోజులకే కామెర్లు, వాంతులు, రక్తంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. ఫినైల్‌అలనైన్‌ను మార్చే ఎంజైమ్ లోపించే ఫినైల్‌కీటోన్యూరియా అలా హడావిడి చేయదు. నెలల తరబడి చడీచప్పుడు లేకుండా మెదడును దెబ్బతీస్తుంది. తేడా కంటికి కనిపించేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

నన్నడిగితే ఈ పరీక్ష ఎందుకో చెప్పడానికి బయోటినిడేజ్ లోపాన్ని మించిన ఉదాహరణ లేదు. తిండిలోని బయోటిన్ అనే విటమిన్‌ను విడదీసి, మళ్లీ మళ్లీ వాడుకునేలా చేసే ఎంజైమ్ ఇది. ఇది లేకపోతే ఫిట్స్ రావచ్చు, జుట్టు ఊడిపోవచ్చు, ఒంటి మీద దద్దుర్లు రావచ్చు, చూపూ వినికిడీ దెబ్బతినవచ్చు. మందేమిటంటే రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్, నోటితో. లక్షణాలు రాకముందే మొదలుపెడితే బిడ్డ మామూలుగా పెరుగుతుంది. ఆలస్యంగా మొదలుపెట్టినా చర్మం, జుట్టు బాగవుతాయి, ఫిట్స్ తగ్గుతాయి. పోయిన వినికిడి మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

రక్తం ఒక్కటేనా? ఇంకే శాంపిల్స్‌తో చేయొచ్చు?

ఎండిన రక్తపు చుక్క, మూత్రం, ఉమ్మి, బుగ్గ లోపలి పొర, కన్నీళ్లు, జుట్టు కుదుళ్లు. వీటన్నిటినీ ఏదో ఒక జబ్బుకు వాడారు. కన్నీళ్లు అంటే నవ్వకండి. మెదడును దెబ్బతీసే టే-శాక్స్ జబ్బు క్యారియర్లను (తమకు జబ్బు లేకుండా ఒక చెడ్డ జన్యువును మోసేవాళ్లను) గుర్తించడానికి 1970ల్లో కన్నీళ్లలో ఎంజైమ్‌ను కొలిచి చూశారు, పనిచేసింది.

అయితే ఏ శాంపిల్ పడితే అది ఏ జబ్బుకు పడితే దానికి పనికిరాదు. మనం వెతికే ఎంజైమ్ ఆ శాంపిల్‌లో ఉండాలి, మొదటి షరతు అదే. బయోటినిడేజ్ రక్తరసంలో ఉంటుంది. గెలాక్టోసీమియాలో చూసే ఎంజైమూ, ఎర్రకణాలు పగిలిపోకుండా కాపాడే జీ6పీడీ ఎంజైమూ ఎర్రకణాల్లో ఉంటాయి. కణాల్లో విరగని పదార్థాలు పేరుకుపోయే పాంపే, ఫాబ్రీ, గాషే లాంటి జబ్బుల్లో చూసే ఎంజైములు తెల్లకణాల్లో ఉంటాయి. వీటిని ఎండిన రక్తపు చుక్కలోనే కొలవొచ్చని అర్జెంటీనా డాక్టర్ నెస్టర్ చమోలెస్ 2001 ప్రాంతంలో చూపించాక ఆ జబ్బుల స్క్రీనింగ్‌కు దారి పడింది.

ఇక ఫినైల్‌కీటోన్యూరియాలో లోపించే ఎంజైమ్ ఉండేది కాలేయంలో. రక్తంలో ఎంత వెతికినా దొరకదు. అందుకే అక్కడ ఎంజైమ్‌ను కాకుండా పేరుకుపోయిన ఫినైల్‌అలనైన్‌ను కొలుస్తారు. "ఎంజైమ్ టెస్ట్" అని అందరూ అనే వాటిలో చాలా పరీక్షలు నిజానికి ఎంజైమ్‌ను ముట్టుకోనే ముట్టుకోవు.

మూత్రంలోనూ అంతే, బయటికి వచ్చేసిన చెత్తనే చూస్తాం. మ్యూకోపాలీశాకరైడోసిస్ జబ్బుల్లో విరగకుండా మిగిలిపోయిన చక్కెర గొలుసులు మూత్రంలో కనిపిస్తాయి. కెనడాలోని క్యూబెక్‌లో తల్లిదండ్రులే మూడు వారాల బిడ్డ మూత్రాన్ని కాగితం మీద అద్ది, ఆరబెట్టి, పోస్టులో పంపే పద్ధతి 1970ల నుంచే ఉంది.

మడమ నుంచే ఎందుకు? వేలి నుంచి తీయొచ్చుగా?

పసిబిడ్డ వేలిలో చర్మానికీ ఎముకకూ మధ్య దూరం చాలా తక్కువ. సూది ఎముకకు తగిలే ప్రమాదం ఉంది. మడమలో కూడా సరిగ్గా మధ్యన గానీ వెనక వంపు మీద గానీ కాకుండా, అరికాలి వైపు రెండు అంచుల్లోనే గుచ్చుతారు. 2 మిల్లీమీటర్లకు మించి లోతు పోకూడదు. ముందు మడమను గోరువెచ్చగా చేస్తే రక్తం సులువుగా వస్తుంది. ఆ సమయంలో బిడ్డకు పాలు పడుతూ ఉంటే ఏడుపు తగ్గుతుంది.

కార్డు మీద రక్తం ఎలా పడాలి?

దీనికి కాస్త వివరంగా చెబుతాను. సగం గొడవ ఇక్కడే ఉంది.

ఆ కార్డు మామూలు కాగితం కాదు. రక్తాన్ని అంతటా ఒకేలా పీల్చుకునేలా తయారుచేసిన దూది కాగితం. మీద గుండ్రటి గీతలు ఉంటాయి. మొదటి చుక్కను తుడిచేస్తారు, ఎందుకంటే అందులో సూది దెబ్బకు కారిన ఒంటి నీరు కలిసి ఉంటుంది. రెండో పెద్ద చుక్కను కాగితానికి తాకించి, అది వెనక్కి ఇంకేదాకా ఆగాలి. కార్డు తిప్పి చూస్తే వెనక కూడా ముందున్నంత వలయం, అంతే ముదురు రంగులో కనిపించాలి. అప్పుడే అది మంచి చుక్క.

చెడ్డ చుక్కలు రకరకాలు. చుక్క చిన్నదైందని దాని మీదే ఇంకో చుక్క వేస్తే రక్తం రెండు పొరలుగా పేరుకుంటుంది. అక్కడ తీసిన ముక్కలో రక్తం ఎక్కువ, కాబట్టి ఎంజైమూ లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. మడమను గట్టిగా పిండితే ఒంటి నీరు కలిసి, చుక్క చుట్టూ పాలిపోయిన వలయం ఏర్పడుతుంది. స్పిరిట్ ఆరకముందే గుచ్చితే రక్తం పలుచబడుతుంది. వలయం లోపల వేలు పెడితే అక్కడ జిడ్డు అంటుకుని రక్తం ఇంకదు.

తర్వాత కార్డును గాలి తగిలేలా అడ్డంగా పెట్టి, కనీసం 3 గంటలు మామూలు గది వేడిలో ఆరనివ్వాలి. ఎండలో పెట్టకూడదు, హీటర్ దగ్గర పెట్టకూడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. తొందరగా ఆరాలని హెయిర్ డ్రైయర్ పట్టారా, ఆ కార్డుతో ఎంజైమ్ పరీక్ష చేయడం దండగ.

అంత చిన్న చుక్కలో ఎంజైమ్‌ను ఎలా కొలుస్తారు?

ఎండిన చుక్క మధ్య నుంచి 3.2 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న ముక్కను మిషన్‌తో కత్తిరిస్తారు. అందులో ఉండేది దాదాపు 3 మైక్రోలీటర్ల రక్తం. దాన్ని ద్రావణంలో నానబెట్టి, ఆ ఎంజైమ్‌కు పని అప్పజెబుతారు. అంటే ఎంజైమ్ విడగొట్టగల ఒక పదార్థాన్ని దాని ముందు పెడతారు. పని జరిగితే గుర్తు కనిపించేలా ఆ పదార్థాన్ని ముందే ఎంచుకుంటారు.

బయోటినిడేజ్ పరీక్షలో ఎంజైమ్ ఉంటే ద్రావణం ఊదా రంగుకు తిరుగుతుంది. లేకపోతే లేత గడ్డి రంగులోనే ఉండిపోతుంది. పరీక్ష పళ్లెంలో వరసగా ఉన్న ఊదా రంగు గుంటల మధ్య ఒక్కటి మాత్రం గడ్డి రంగులో కనిపిస్తే, చూపు నేరుగా దాని మీదికే పోతుంది. జీ6పీడీకి చేసే చుక్క పరీక్షలో అల్ట్రావయొలెట్ దీపం కింద చుక్క మెరిస్తే ఎంజైమ్ ఉన్నట్టు, మెరవకపోతే లేనట్టు. పాంపే లాంటివాటికి మెరుపును మిషన్‌తో కొలుస్తారు, లేదా పదార్థాలను వాటి అణువుల బరువును బట్టి గుర్తించే టాండెమ్ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే మిషన్‌తో ఒకే ముక్క నుంచి చాలా ఎంజైములను ఒకేసారి లెక్కగడతారు.

ఎండల్లో కార్డు పోస్టులో వెళ్తే ఏమవుతుంది?

ఎంజైమ్ ప్రోటీన్. వేడికి, తేమకు చచ్చిపోతుంది. గెలాక్టోసీమియా ఎంజైమూ బయోటినిడేజూ ఈ విషయంలో మరీ సుకుమారం. అందుకే బాగా ఆరాక కార్డును తేమ పీల్చే పొట్లాలతో కలిపి సంచిలో పెట్టి పంపుతారు. ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో మూసేస్తే లోపలి చెమ్మే దాన్ని పాడుచేస్తుంది.

ఇందులో ఒక ఊరట ఉంది. వేడి తగిలితే ఎంజైమ్ తగ్గినట్టు కనిపిస్తుందే గానీ పెరిగినట్టు కనిపించదు. అంటే తప్పు ఎక్కువగా అనవసరమైన అలారం వైపే జరుగుతుంది. అది అలారమా, నిజమా అని తేల్చుకోవడానికి ల్యాబ్‌లో ఒక చిట్కా ఉంది. అదే కార్డులో వేరే ఎంజైమ్‌ను కూడా కొలుస్తారు. అన్నీ కలిసికట్టుగా పడిపోయి ఉంటే అనుమానించాల్సింది కార్డును. ఒక్కటే పడిపోయి మిగతావి బాగుంటే అప్పుడు బిడ్డ గురించి ఆలోచించాలి.

జన్యు పరీక్షకు ఈ బాధ చాలా తక్కువ. డీఎన్ఏ ఎండిన కాగితం మీద ఏళ్ల తరబడి నిలుస్తుంది.

శాంపిల్ ఏ రోజు తీయాలి?

చాలాచోట్ల పుట్టిన 24 గంటలు దాటాక, 72 గంటల లోపు తీస్తారు. ఎందుకలా అంటే ఒక పాత కథ చెప్పాలి.

1934లో నార్వేలో ఒక తల్లి బుద్ధి ఎదగని తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని అస్బ్యోర్న్ ఫోలింగ్ అనే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన వాళ్ల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే అది ముదురు ఆకుపచ్చగా మారింది. ఫినైల్‌కీటోన్యూరియా అలా బయటపడింది. తర్వాత 1950ల చివర్లో అమెరికాలో బిడ్డ తడిపిన డైపర్ మీదే ఆ ద్రావణం చుక్క వేసి చూడటం మొదలుపెట్టారు. ఇంతకన్నా తేలికైన శాంపిల్ ఇంకేముంటుంది? కానీ మూత్రంలో ఆ పదార్థం కనిపించేసరికి బిడ్డకు కొన్ని వారాలు దాటిపోతాయి. ఆలోపే మెదడుకు దెబ్బ మొదలవుతుంది. శాంపిల్ తేలికే, టైమే తప్పు.

అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గత్రీ 1963లో ప్రచురించిన పద్ధతి దీన్ని మార్చింది. ఆయన రక్తాన్ని కాగితం మీద ఆరబెట్టి, చిన్న బిళ్లగా కత్తిరించి, బ్యాక్టీరియా పెరిగే పళ్లెంలో పెట్టారు. ఫినైల్‌అలనైన్ ఎక్కువున్న బిళ్ల చుట్టూ మాత్రమే బ్యాక్టీరియా వలయంగా పెరిగేది. ఇవాళ్టి మడమ పరీక్ష కార్డుకు మూలం అదే.

అందుకే పేరుకుపోయే పదార్థాన్ని కొలిచే పరీక్షలకు బిడ్డ కాసిన్ని పాలు తాగి ఉండటం ముఖ్యం. మరీ ముందుగా, అంటే మొదటి 24 గంటల్లోనే తీసేసి ఉంటే మళ్లీ తీయించమంటారు. ఎంజైమ్‌నే నేరుగా కొలిచేవాటికి పాలతో పనిలేదు.

రక్తం ఎక్కించాల్సి వస్తే మాత్రం దానికి ముందే శాంపిల్ తీయాలి. ఎక్కించాక ఎర్రకణాల్లో చూసేది దాత ఎంజైమ్‌నే. ఆ కణాలు వెళ్లిపోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది.

"పాజిటివ్" అని ఫోన్ వచ్చింది. జబ్బు ఉన్నట్టేనా?

కాదు. ఇది జల్లెడ పట్టడం మాత్రమే. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక జబ్బు 50,000 మందిలో ఒకరికి ఉందనుకోండి. పరీక్ష వెయ్యిమంది ఆరోగ్యవంతుల్లో ఒక్కరిని పొరపాటున పట్టుకుంటుందనుకోండి. 50,000 మంది బిడ్డలకు పరీక్ష చేస్తే నిజమైన జబ్బు ఒకరికి, ఉత్తి అలారం 50 మందికి. అంటే ఫోన్ వచ్చిన 51 ఇళ్లలో 50 ఇళ్లకు ఏమీ లేదు. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే అయినా, అరుదైన జబ్బుల స్క్రీనింగ్ నడిచే తీరు ఇదే.

అలారానికి కారణాలు చాలా ఉంటాయి. వేడి తగిలిన కార్డు, నెలలు నిండని బిడ్డ, కాలేయం ఇంకా కుదురుకోకపోవడం. వీటితో పాటు సూడో లోపం అని ఒకటుంది. కొందరిలో జన్యువులో చిన్న మార్పు వల్ల ల్యాబ్‌లో ఇచ్చే కృత్రిమ పదార్థం మీద ఎంజైమ్ మందకొడిగా పనిచేస్తుంది, కానీ శరీరంలోని అసలు పదార్థాన్ని బాగానే సంభాళిస్తుంది. పాంపేకు చేసే స్క్రీనింగ్‌లో ఆసియా ఖండపు జనాల్లో ఇది బాగా ఎదురవుతుంది. వీళ్లకు జబ్బు లేదు, రాదు.

అలాగని నిర్ధారణ పరీక్షను వాయిదా వేయకండి. గెలాక్టోసీమియా అనుమానం ఉంటే ఫలితం తేలేదాకా పాలు ఆపి వేరే ఫార్ములా పట్టమని డాక్టర్ చెప్పవచ్చు. టెన్షన్ పడినా పర్వాలేదు గానీ ఆ ఫోన్ వచ్చిన రోజే కదలాలి.

నెగెటివ్ వస్తే ఇక నిశ్చింతేనా?

చాలావరకు. కానీ కార్డులో చూసింది ఆ జాబితాలోని జబ్బులనే. జాబితా ప్రతిచోటా ఒకటి కాదు. బిడ్డకు తర్వాత లక్షణాలు కనిపిస్తే "అప్పుడే టెస్ట్ చేయించాం, ఏమీ లేదన్నారు" అని ఊరుకోవద్దు.

జీ6పీడీ విషయంలో ఇంకో మెలిక ఉంది. కొన్ని మందుల వల్లో, ఫావా చిక్కుళ్ల వల్లో ఎర్రకణాలు పగిలి, మనిషి పాలిపోయి ఆసుపత్రికి వచ్చినప్పుడు పరీక్ష చేస్తే ఎంజైమ్ మామూలుగానే ఉన్నట్టు రావచ్చు. ముసలి కణాల్లో ఎంజైమ్ తక్కువ, అవి అప్పటికే పగిలిపోయాయి. మిగిలినవి లేత కణాలు, వాటిలో ఎక్కువ. కాబట్టి రెండు మూడు నెలలయ్యాక మళ్లీ చేయించాలి.

అమ్మాయిల్లో ఎంజైమ్ పరీక్ష తప్పుతుందని విన్నాం. నిజమా?

అన్ని జబ్బుల్లో కాదు. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్నవాటిలోనే, ముఖ్యంగా జీ6పీడీ, ఫాబ్రీ జబ్బుల్లో. ఆడవాళ్లకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. ప్రతి కణం వాటిలో ఒకదాన్ని మూసేస్తుందని జన్యు శాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో ప్రతిపాదించారు. ఏది మూసుకుంటుందో ఒక్కో కణానికి ఒక్కో రకం. అందువల్ల తేడా ఉన్న జన్యువు ఒకటే ఉన్న అమ్మాయిలో కొన్ని కణాల్లో ఎంజైమ్ నిండుగా ఉంటుంది, కొన్నింటిలో అసలుండదు. రక్తపు చుక్కలో అన్నీ కలిసిపోయి సగటు వస్తుంది. ఆ సగటు మామూలు హద్దుల్లోనే ఉండిపోవచ్చు. ఫాబ్రీ ఉన్న ఆడవాళ్లు ఎంజైమ్ పరీక్షకు దొరకకుండా పోవడానికి కారణం ఇదే. వాళ్లకు జన్యు పరీక్షే నమ్మదగింది.

జుట్టు కుదుళ్ల ఉపయోగం ఇక్కడే. ఒక్కో కుదురు కొద్దిపాటి కణాల నుంచి పుడుతుంది కాబట్టి, చాలా కుదుళ్లలో ఒకే ఎక్స్ పనిచేస్తూ ఉంటుంది. తల మీద వేర్వేరు చోట్ల నుంచి పాతిక ముప్ఫై వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, ఒక్కోదాన్ని విడివిడిగా పరీక్షిస్తే కొన్నింటిలో ఎంజైమ్ ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. సగటులో దాక్కున్నది విడివిడిగా చూస్తే బయటపడుతుంది. ఎక్స్ క్రోమోజోమ్ మీది జన్యువు వల్లే వచ్చే లెష్-నైహాన్ జబ్బు క్యారియర్ తల్లులను ఒకప్పుడు ఇలాగే గుర్తించేవారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఈ అవసరం తగ్గింది. కానీ ఆ ఆలోచన నాకు ఇప్పటికీ భలే ముచ్చటేస్తుంది.

మా ఇద్దరికీ ఏ జబ్బూ లేదు. బిడ్డకు ఎలా వచ్చింది?

ఈ జబ్బుల్లో ఎక్కువ వాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ ప్రతులు అందాలి. ఒకటే ఉన్నవాళ్లు క్యారియర్లు, వాళ్లకు ఏమీ కాదు. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి గర్భంలోనూ 25 శాతం అవకాశం. "నలుగురిలో ఒకరికి అన్నారు, మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదు" అనుకునేవాళ్లు ఉన్నారు. అలా కాదు, ప్రతిసారీ లెక్క మొదటికే వస్తుంది. తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులైతే ఒకే చెడ్డ ప్రతి ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది.

పిల్లలు పుట్టకముందే మేం క్యారియర్లమో కాదో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఈ దారి వేసింది టే-శాక్స్ జబ్బే. అందులో హెక్సోజమినిడేజ్ ఏ అనే ఎంజైమ్ ఉండదని 1969లో తేలింది. 1971లో మైకేల్ కాబాక్ అనే డాక్టర్ అమెరికాలోని యూదు సముదాయాల్లో క్యారియర్ పరీక్షలు మొదలుపెట్టారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో అక్కడ, కెనడాలో ఆ సముదాయాల్లో ఈ జబ్బుతో పుట్టే పిల్లలు 90 శాతానికి పైగా తగ్గారు.

పరీక్ష తీరు కూడా సరదాగా ఉంటుంది. ఇందాక వేడిని తిట్టుకున్నాం కదా, ఇక్కడ దాన్నే పనిలో పెట్టారు. హెక్సోజమినిడేజ్‌లో 'ఏ', 'బీ' అని రెండు రకాలు. 'ఏ' రకం వేడికి చచ్చిపోతుంది, 'బీ' రకం తట్టుకుంటుంది. రక్తరసాన్ని వేడి చేయకముందు, చేశాక కొలిచి తీసివేత చేస్తే 'ఏ' రకం ఎంత ఉందో తెలిసిపోతుంది. అయితే గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో రక్తరసం లెక్క తప్పుతుంది, క్యారియర్ కాని మనిషి కూడా క్యారియర్‌గా కనిపించవచ్చు. అలాంటప్పుడు తెల్లకణాల్లో కొలుస్తారు.

ఉమ్మి కిట్ తెప్పించుకుని ఇంట్లోనే చేసుకుంటే సరిపోదా?

ఉమ్మితో తెలిసేది సాధారణంగా డీఎన్ఏ సంగతి. దానికి 30 నిమిషాల ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. ఉమ్మిలో నేరుగా ఎంజైమ్‌ను కొలవడం చిక్కు, ఎందుకంటే నోట్లోని బ్యాక్టీరియాకు కూడా సొంత ఎంజైములు ఉంటాయి.

కిట్లలో చాలావరకు ఒక జన్యువులో ముందే ఎంచుకున్న కొన్ని మార్పులనే చూస్తాయి. మీ కుటుంబంలో ఉన్న మార్పు ఆ జాబితాలో లేకపోతే రిపోర్టు శుభ్రంగానే వస్తుంది. జన్యువు మొత్తం చదివినా, "ఈ మార్పు హానికరమో కాదో చెప్పలేం" అనే వాక్యంతో రిపోర్టు చేతికి రావచ్చు. అప్పుడు మళ్లీ ఎంజైమ్ పరీక్షే గతి. జన్యువు రాత లాంటిది, ఎంజైమ్ పని లాంటిది. రాతలో అనుమానం వస్తే పని ఎలా జరుగుతోందో చూడాలి.

పరీక్ష అయ్యాక కార్డు ఏమవుతుంది?

కొన్నిచోట్ల కొన్నాళ్లకు పారేస్తారు, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి దాస్తారు. అందులో బిడ్డ డీఎన్ఏ ఉంటుంది కాబట్టి ఎన్నాళ్లు ఉంచుతారు, వేరే పనికి వాడతారా అని సంతకం పెట్టేముందే అడగండి.

ఒక బిడ్డకు తేలింది. పెద్ద పిల్లలకు కూడా చేయించాలా?

చేయించాలి, వాళ్లు ఎంత బాగున్నా సరే. బయోటినిడేజ్ స్క్రీనింగ్ మొదలయ్యాక పసిబిడ్డ కార్డు తేడాగా వచ్చిందని ఇంటిల్లిపాదికీ పరీక్ష చేస్తే, ఏ లక్షణమూ లేని అన్నయ్యలకో అక్కలకో అదే లోపం బయటపడింది. కొన్ని ఇళ్లలో ఏకంగా అమ్మకో నాన్నకో తీవ్రమైన లోపమే ఉందని, అన్నేళ్లూ తెలియకుండానే గడిచిపోయిందని తేలింది.